చీపురు, తడిగుడ్డ, అద్దం వెనక మనిషి

నేల తుడిచే రోబో కొందామనుకుంటున్నానని ఆఫీసులో ఎవరితోనన్నా అని చూడండి. మొదటి ప్రశ్న "ఎన్ని పాస్కల్స్?" అనే వస్తుంది. ఒకడు ఐదు వేలు చాలంటాడు. ఇంకొకడు పదివేలకి తక్కువైతే డబ్బు దండగంటాడు. మూడోవాడు ఇరవై వేలు దాటిన మోడల్ లింకు చాట్ లో పడేస్తాడు. ఒకప్పుడు డిజిటల్ కెమెరాలకి మెగాపిక్సెల్స్ ఎలాగో, ఇప్పుడు వీటికి పాస్కల్స్ అలాగన్నమాట. మిషన్ ఎంత గట్టిగా పీల్చగలదో చెప్పే అంకె అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళకి ఆ అంకెతో పెద్ద పని లేదు. అది తివాచీలు పరుచుకునే దేశాల నుంచి వచ్చిన అంకె. బండల మీద, టైల్స్ మీద నడిచే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: తుడిచిన గుడ్డని ఎవరు ఉతుకుతారు?

ఈ మాట ఊరికే అనట్లేదు. మా ఇంటికి ఒకటి కొందామని నెల రోజులుగా మోడళ్ళన్నీ ఎక్సెల్ షీట్ లో పెట్టి పోలుస్తున్నాను. పోల్చేకొద్దీ, అసలు ఈ మిషన్లు ఇలా ఎందుకు తయారయ్యాయి అన్న సందేహం మొదలై, చరిత్ర తవ్వడం దాకా వెళ్ళింది. మన వృత్తిలో ఉన్న జబ్బే ఇది. చిన్న బగ్ కోసం మొదలుపెట్టి మొత్తం కమిట్ హిస్టరీ చదువుతాం :)

తివాచీల కాలం

కథ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ లో మొదలుపెట్టొచ్చు. అక్కడ పింగాణీ సామాన్ల కొట్టు నడిపే మెల్విల్ బిస్సెల్ 1876లో కార్పెట్ స్వీపర్ కి పేటెంటు తీసుకున్నాడు. కరెంటూ లేదు, పీల్చడమూ లేదు. తోస్తే చక్రాలు తిరుగుతాయి, వాటితో లోపల బ్రష్ తిరిగి దుమ్ముని పెట్టెలోకి ఎత్తుతుంది. 1889లో ఆయన పోయాక భార్య అన్నా బిస్సెల్ ఆ కంపెనీని నడిపింది. ఈ బ్రష్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పీల్చడం 1901లో వచ్చింది. అప్పటికి దుమ్ముని గాలితో ఊదే యంత్రాలు ఉన్నాయి. లండన్ లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు అలాంటిదొకటి చూసి, ఊదితే దుమ్ము ఇంకోచోట పడుతుంది తప్ప పోదు కదా, పీల్చాలి గానీ అనుకున్నాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ గుడ్డని పీల్చి చూశాడని చెబుతారు. రుమాలు మీద నల్లటి మరక పడింది, ఆయనకి నమ్మకం కుదిరింది. ఆ యంత్రం ఎంత పెద్దదంటే గుర్రబ్బండి మీద తెచ్చి వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి పొడుగాటి గొట్టాలు లోపలికి పంపేవాళ్ళు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్ మినిస్టర్ అబ్బేలో తివాచీలు శుభ్రం చేసింది అదే.

దాన్ని చేతికి అందేంత చిన్నది చేసినవాడు రాజుల కోసం పనిచేసినవాడు కాదు. ఒహాయో రాష్ట్రం కాంటన్ లో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకి ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తన కష్టానికి తనే మిషన్ కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు సామాన్ల వ్యాపారి విలియం హూవర్ దాన్ని కొన్నాడు. మిగతాది తెలిసిన కథే. ఇంగ్లండులో వాక్యూమ్ చెయ్యడానికి ఆయన ఇంటిపేరే క్రియాపదం అయిపోయింది.

ఈ ముగ్గురికీ ఉన్న సమస్య ఒకటే. తివాచీ పోగుల మధ్య దిగిపోయిన దుమ్ము. దాన్ని చీపురుతో లాగలేం. తీసి బయట ఆరేసి కర్రతో కొట్టాలి, లేదా పీల్చాలి.

తమాషా ఏంటంటే ఇంగ్లండు చేరిన తివాచీల్లో కొన్ని మన దగ్గర నేసినవే. ఏలూరు తివాచీలకీ, వరంగల్ తివాచీలకీ అక్కడ మంచి పేరుండేది. 1851లో లండన్ లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్ లో వరంగల్ తివాచీలు ప్రదర్శించారు. నేసి పంపింది మనం, దులపలేక మిషన్ కనిపెట్టింది వాళ్ళు. మన ఇళ్ళల్లో మాత్రం మట్టి నేలని పేడతో అలికారు, తర్వాత సున్నం గచ్చులొచ్చాయి, బేతంచెర్ల నాపరాళ్ళు, తాండూరు బండలు, మొజాయిక్, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్స్. బండ మీద దుమ్ము లోపలికి దిగదు, పైనే ఉంటుంది. దానికి చీపురు చాలు. కానీ మనం ఇంట్లో ఉత్తకాళ్ళతో నడుస్తాం, కిటికీలు తీసి పెట్టుకుంటాం, నేల మీద కూర్చుని తింటాం. అరికాలికి సన్నటి ఇసుక తగిలినా మనకి తెలిసిపోతుంది. అందుకని చీపురుతో ఆగం, తర్వాత తడిగుడ్డ. ఈ రెండో అంచె గురించి పాశ్చాత్య దేశాల ఇంజనీర్లు చాలాకాలం పెద్దగా ఆలోచించలేదు, ఎందుకంటే ఊలు తివాచీని రోజూ తడిపేవాళ్ళు ఎవరూ ఉండరు.

వాక్యూమ్ క్లీనరు మన దేశంలో ఇంటింటికీ తెలిసింది 1982 తర్వాత. ఆ ఏడాది ఫోర్బ్స్, స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ కలిసి యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. టై కట్టుకున్న సేల్స్ మాన్ తలుపు కొట్టి, లోపలికొచ్చి డెమో చూపించడం అలా మొదలైంది. సోఫాలు, పరుపులు, కిటికీ జాలీలు దులపడానికి ఆ మిషన్లు బాగానే పనికొచ్చాయి. రోజూ నేల పనిలో మాత్రం చీపురునీ, తడిగుడ్డనీ కదిలించలేకపోయాయి. దసరాకో సంక్రాంతికో అటక దిగి మళ్ళీ అటకెక్కిన వాక్యూమ్ క్లీనర్లు మీకు తెలిసిన ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటాయి.

అద్దం వెనక

ఇప్పుడు 1959 మాస్కోకి వెళ్దాం. సోకోల్నికి పార్కులో అమెరికా తన జీవన విధానం చూపించుకోవడానికి పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది. జులై 24న అక్కడే ఒక నమూనా ఇంటి వంటగదిలో నిలబడి నిక్సన్, కృశ్చేవ్ వాదించుకున్నారు. దాన్నే కిచెన్ డిబేట్ అంటారు. అదే ఎగ్జిబిషన్ లో ఆర్సీఏ వర్ల్ పూల్ వాళ్ళు "మిరకిల్ కిచెన్" అని ఇంకో వంటగది కూడా పెట్టారు. అందులో బటన్ నొక్కితే దానంతటదే బయటికొచ్చి నేల శుభ్రం చేసి వెళ్ళిపోయే యంత్రం ఉంది. చూసిన జనం నోళ్ళు తెరిచారు.

దాన్ని తయారుచేసిన వాళ్ళలో ఒకాయన చాలా ఏళ్ళ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ గదికి ఒకవైపు నుంచి మాత్రమే కనబడే అద్దం ఉంది. దాని వెనక ఒక మనిషి కూర్చుని రిమోట్ తో ఆ యంత్రాన్ని నడిపాడు!

మనవాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. క్లయింటు డెమోలో బటన్ వెనక హార్డ్ కోడ్ చేసిన విలువలు పెట్టని ప్రాజెక్టు ఎక్కడుంది చెప్పండి. కానీ నాకు ఈ చరిత్రంతటికీ ఈ అద్దమే తాళంచెవి అనిపించింది. అప్పటినుంచి ఇప్పటిదాకా "దానంతటదే" అన్న ప్రతిసారీ ఎక్కడో ఒక మనిషి చెయ్యి దాగుంది. అరవై ఏళ్ళలో జరిగింది ఏంటంటే, ఆ చెయ్యి ఒక్కో పని నుంచీ మెల్లగా తప్పుకుంటూ వచ్చింది. ఇంకా పూర్తిగా తప్పుకోలేదు.

పురుగు బుర్ర

నిజంగా తనంతట తాను తిరిగే యంత్రం దుకాణంలోకి రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. పైన చెప్పిన ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్ అనే రోబోని స్వీడన్ లో అమ్మకానికి పెట్టింది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పాకిన జీవి పేరు అది. గబ్బిలంలాగా శబ్ద తరంగాలతో అడ్డాలు కనిపెట్టేది. ధర సామాన్యుడికి అందేది కాదు. అదే ఏడాది ప్రాంతంలో డైసన్ కూడా డీసీ06 అని ఒకటి చూపించింది. మూడు కంప్యూటర్లు, పదుల కొద్దీ సెన్సర్లు. మరీ బరువు, మరీ ఖరీదు అని దాన్ని అమ్మకానికే పెట్టలేదు.

గెలిచింది వీటికి పూర్తిగా వ్యతిరేకమైన ఆలోచన. ఎమ్మైటీలో రోడ్నీ బ్రూక్స్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన భార్యది థాయిలాండ్. ఒకసారి అత్తవారింటికి వెళ్తే అక్కడ భాష రాక, మాట్లాడేవాళ్ళు లేక, పురుగుల్ని చూస్తూ కూర్చున్నాడట. (అత్తవారింట్లో బోరు కొట్టడం కూడా సైన్సుకి పనికొస్తుందన్నమాట.) ఇంత చిన్న బుర్రతో పురుగు గోడలకి గుద్దుకోకుండా తిరుగుతుంటే, మన ల్యాబులో అంత పెద్ద కంప్యూటరున్న రోబో అడుగు తీసి అడుగు వెయ్యడానికి అంతసేపు ఎందుకు ఆలోచిస్తోంది? ప్రపంచం మొత్తాన్నీ ముందు మోడల్ చేసి తర్వాత కదలాలన్న పద్ధతే తప్పేమో అనుకున్నాడు. 1986లో ఆయన రాసిన పేపరు చెప్పేది ఇదే. గుద్దుకోకుండా ఉండటం, తిరగడం, వెతకడం లాంటి చిన్న చిన్న ప్రవర్తనల్ని పొరలుగా పేర్చండి, పైవి అవసరమైనప్పుడు కిందివాటిని ఆపుతాయి.

1990లో బ్రూక్స్, ఆయన దగ్గర చదువుకున్న కాలిన్ ఏంగిల్, ఎమ్మైటీలోనే చదివిన హెలెన్ గ్రైనర్ కలిసి ఐరోబో పెట్టారు. 2002 సెప్టెంబరులో ఆ కంపెనీ నుంచి రూంబా వచ్చింది. ధర 199 డాలర్లు. మ్యాపు లేదు. కెమెరా లేదు. సుడి తిరుగుతుంది, గోడ వెంట పోతుంది, గుద్దుకుంటే దిశ మార్చి ఇంకోవైపు పోతుంది. అందులో ఉన్న మెమరీ 256 బైట్లు. మెగాబైట్లు కాదు, కిలోబైట్లు కూడా కాదు, బైట్లే. ఇవాళ మనం "హలో వరల్డ్" కోసం ఎన్ని వందల మెగాబైట్ల డిపెండెన్సీలు దించుకుంటున్నామో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక్కడ పాస్కల్స్ కథలో ఒక మలుపుంది. రూంబా డిజైన్ చేసిన జో జోన్స్ అసలు దాంట్లో వాక్యూమ్ పెట్టాలనుకోలేదు. బిస్సెల్ గారి బ్రష్ చాలనుకున్నాడు. బ్యాటరీ మీద నడిచే చిన్న యంత్రానికి పీల్చడం అంటే కరెంటు తాగే పని. కానీ మామూలు జనాన్ని కూర్చోబెట్టి అడిగితే, వాక్యూమ్ లేకపోతే అంత డబ్బు పెట్టమన్నారు. అందుకని చిన్న వాక్యూమ్ ఒకటి ఇరికించాడు. అంటే మొదటి రూంబాలో శుభ్రం చేసింది ఎక్కువగా బ్రష్, అమ్ముడుపోయేలా చేసింది ఎక్కువగా వాక్యూమ్. ఇవాళ పెట్టె మీద ఇరవై వేల పాస్కల్స్ అని అచ్చేస్తున్నది కూడా కొంతవరకు ఆ నమ్మకం కోసమే. తివాచీ ఉన్నవాళ్ళకి ఆ అంకె కొంత ఉపయోగమే, కాదనను. టైల్స్ మీద బియ్యపు గింజా, జుట్టూ, ఇసుకా ఎత్తడానికి రెండు మూడు వేలున్నా సరిపోతుంది.

మ్యాపు

గుడ్డిగా తిరిగే రోబోతో చిక్కేంటంటే, మంచం కింద నాలుగుసార్లు తిరిగి హాల్లో ఒక మూల వదిలేస్తుంది. తానెక్కడున్నదీ తెలియాలి, అదే సమయంలో మ్యాపు కూడా గీసుకోవాలి. దీన్నే స్లామ్ అంటారు. 1980ల నుంచి పరిశోధకులు కుస్తీ పడుతున్న లెక్క. లెక్క తెలిసింది గానీ, దానికి కావాల్సిన లేజర్ సెన్సర్ ఖరీదు వేల డాలర్లలో ఉండేది.

2008లో ఒక రోబోటిక్స్ సదస్సులో కర్ట్ కొనోలిగే బృందం ఒక పేపరు ఇచ్చింది. 30 డాలర్ల ఖర్చుతో లేజర్ దూరమానిని కట్టొచ్చని దాని సారాంశం. ఆ సెన్సరే 2010లో నియాటో ఎక్స్ వీ-11 అనే రోబో నెత్తి మీద, సెకనుకి ఐదు చుట్లు తిరుగుతూ ఇళ్ళల్లోకి వచ్చింది. ఆ రోబో వరుసగా, నాగలి సాళ్ళలాగా గదిని పూర్తిచేసేది. సరదాగా రోబోలు కట్టుకునేవాళ్ళు ఆ లేజర్ కోసమే దాన్ని కొని విప్పేసి, ప్రోటోకాల్ ని రివర్స్ ఇంజనీరింగ్ చేశారు. 2016లో చైనాలో షావోమీ పేరుతో, రోబోరాక్ తయారీతో వచ్చిన రోబో ఈ లేజర్ ని మధ్యతరగతి ధరకి దించింది. ఇవాళ తిరిగే లేజర్ చౌక మోడళ్ళలో కూడా ఉంది. కాబట్టి "మ్యాపింగ్ ఉందా" అన్నది కూడా ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు.

నీళ్ళ దగ్గర అసలు పరీక్ష

మిగిలింది తడిగుడ్డ. చూడ్డానికి ఇది తేలికనిపిస్తుంది. రోబో వెనక ఒక గుడ్డ కట్టి నీళ్ళు చుక్కలుగా వదిలితే సరి కదా? చాలా కంపెనీలు అలాగే అనుకున్నాయి. ఇప్పటికీ చౌక మోడళ్ళలో ఉన్నది అదే.

ఇల్లు తుడిచిన ఎవర్నైనా అడగండి, ఎందుకు కుదరదో చెబుతారు. గుడ్డ మొదటి గదిలోనే మురికవుతుంది. అదే గుడ్డతో రెండో గది తుడిస్తే మొదటి గది మురికి రెండో గదికి పూసినట్టే. మా అమ్మ హాలు తుడిచాక బకెట్లో గుడ్డ జాడించి పిండుతుంది, రెండు గదులకోసారి నీళ్ళు మారుస్తుంది. తుడవడం అంటే నిజానికి మూడు పనులు: రుద్దడం, జాడించడం, మురికినీళ్ళు పారబోయడం. వెనక గుడ్డ కట్టిన రోబో చేసేది మొదటిదొక్కటే.

ఈ సంగతి ఐరోబో వాళ్ళకి తెలియక కాదు. 2005 చివర్లో వాళ్ళు స్కూబా అనే రోబో తెచ్చారు. మంచినీళ్ళు ఒక అరలో, మురికినీళ్ళు ఇంకో అరలో. నీళ్ళు పోసి, బ్రష్ తో రుద్ది, ఆ మురికినీళ్ళని తిరిగి పీల్చేసేది. ఆలోచన వంద శాతం సరైనది. చిక్కేంటంటే, అన్నీ రోబో కడుపులోనే పట్టాలి. ట్యాంకులు చిన్నవి. పని అయ్యాక ఆ రోబోని విప్పి కడిగే పని మనిషిదే. నేల తుడిచే పని పోయి రోబోని తోమే పని వచ్చింది. చివరికి ఆ లైనే ఆపేశారు. 2010లో మింట్ అని ఇంకో కంపెనీ రోబో వచ్చింది. పీల్చడం లేకుండా గుడ్డతో మాత్రమే తుడుస్తుంది. 2012లో ఐరోబో ఆ కంపెనీని కొని దానికి బ్రావా అని పేరు మార్చింది. చప్పుడు లేకుండా బాగా పనిచేసేది, కానీ గుడ్డ ఉతికేది మళ్ళీ మనమే.

మలుపు 2019లో వచ్చింది. నార్వాల్ అనే చైనా కంపెనీ కిక్ స్టార్టర్ లో ఒక రోబో చూపించింది. దాంట్లో రోబో కంటే దాని గూడు ముఖ్యం. గూట్లో రెండు బకెట్లు, ఒకటి మంచినీళ్ళకి, ఒకటి మురికినీళ్ళకి. రోబో కొంత నేల తుడిచి, గూటికొచ్చి, తిరిగే గుడ్డల్ని అక్కడ జాడించుకుని, మళ్ళీ వెళ్ళి ఆపిన చోటి నుంచి మొదలుపెడుతుంది. మా అమ్మ అల్గారిథమే ఇది! స్కూబా అన్నీ కడుపులో పెట్టుకోవాలని చూసింది, నార్వాల్ బకెట్ ని బకెట్ లాగే ఒక మూల ఉంచింది. మన భాషలో చెప్పాలంటే, క్లయింటుని తేలిక చేసి బరువంతా సర్వర్ కి మార్చారు. 2021లో రోబోరాక్ ఎస్7 కార్పెట్ తగలగానే గుడ్డని పైకెత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో గుడ్డ ఉతికి, వేడిగాలితో ఆరబెట్టే గూళ్ళు పెద్ద కంపెనీలన్నిటి దగ్గరా వచ్చేశాయి.

కాబట్టి దుమ్ము సమస్య 2002లో, దారి సమస్య 2010లో, గుడ్డ సమస్య 2019లో తీరడం మొదలైంది. మన ఇళ్ళకి అన్నిటికంటే అవసరమైనది అన్నిటికంటే చివర్లో వచ్చింది.

ఇంకా మిగిలిన చేతులు

అయితే అద్దం వెనక ఇప్పుడెవరున్నారు? ముగ్గురిని చూశాను.

మొదటిది, బొమ్మలు చూసే మనిషి. కెమెరా ఉన్న రోబో చెప్పునీ, వైరునీ, కుక్క చేసిన కంగాళీనీ గుర్తుపట్టాలంటే ఎవరో లక్షల ఫోటోల మీద గీతలు గీసి ఇది చెప్పు, ఇది వైరు అని చెప్పాలి. 2022 డిసెంబరులో ఎమ్మైటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం వేసింది. 2020లో రూంబా పరీక్ష యూనిట్లు ఇళ్ళల్లో తీసిన ఫోటోలు, అలా లేబుల్ చేసే వెనిజులా కూలీల గ్రూపుల్లో బయటపడ్డాయి. టాయిలెట్ లో కూర్చున్న ఒకావిడ ఫోటో కూడా వాటిలో ఉంది. అవి అమ్మకానికి పెట్టినవి కావనీ, ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళల్లో నడిపినవనీ కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నవాళ్ళు ఇంతకి ఒప్పుకున్నారా అన్నది వేరే ప్రశ్న. ఇంకోవైపు 2024 మేలో అమెరికాలో కొన్ని ఎకోవాక్స్ రోబోల్ని ఎవరో హ్యాక్ చేసి, వాటి స్పీకర్ లోంచి ఇంట్లోవాళ్ళని జాతి పేరుతో తిట్టించారు.

రెండోది, సర్వర్ నడిపే మనిషి. నియాటో 2023లో మూతపడింది. కనీసం ఐదేళ్ళు సర్వర్లు నడుపుతామని మాతృసంస్థ ఫోర్వెర్క్ అప్పుడు చెప్పింది. 2025లోనే ఆపేయడం మొదలుపెట్టింది. లేజర్ బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది, యాప్ మాత్రం పోయింది. మిషన్ మీద బటన్ నొక్కి నడుపుకోవడం మిగిలింది. ఇక ఐరోబో సంగతి. 2022లో అమెజాన్ 1.7 బిలియన్ డాలర్లకి కొంటానంది. యూరప్ నియంత్రణ సంస్థల అభ్యంతరాల మధ్య 2024 జనవరిలో ఆ బేరం చెడింది. 2025 డిసెంబరులో ఐరోబో దివాలా పిటిషన్ వేసి, తన రోబోల్ని తయారుచేసి ఇచ్చే చైనా కంపెనీ పైసియా చేతికే వెళ్ళడానికి ఒప్పుకుంది. పురుగు బుర్రతో ప్రపంచాన్ని గెలిచిన కంపెనీకే ఈ గతి పడితే, మనం కొనే మిషన్ కి పదేళ్ళు సర్వర్ ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? అందుకే యాప్ లేకపోయినా నడిచేదీ, వీలైతే వాలెట్యూడో లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్ వేర్ ఎక్కించుకోగలిగేదీ మేలంటాను.

మూడో చెయ్యి మన ఇంట్లోదే. 2020 ఏప్రిల్లో, లాక్ డౌన్ మధ్యలో, షావోమీ తుడిచే రోబోని మన దేశంలో 17,999 రూపాయలకి క్రౌడ్ ఫండింగ్ పద్ధతిలో పెట్టింది. అపార్టుమెంట్ల గేట్లు పనివాళ్ళకి మూసేసిన రోజులవి. చీపురు పట్టడం తెలియని మగాళ్ళందరికీ హఠాత్తుగా ఇంటి వైశాల్యం ఎంతో తెలిసొచ్చింది :) రోబోల మీద మన జనాల ఆసక్తి అక్కడే పెరిగిందని నా అనుమానం. అంటే మన దగ్గర ఈ మిషన్ చరిత్ర తివాచీతో కాదు, పనిమనిషి రాకపోవడంతో మొదలైంది.

మా ఫ్లాటు మియాపూర్ లో. మా ఇంట్లో పనిచేసే అక్కకి యాభై దాటుంటాయి. రోజుకి ఐదిళ్ళు. మీకు తెలుసు కదా, మన దగ్గర జీతం పనిని బట్టి విడివిడిగా లెక్క. గిన్నెలకింత, బట్టలకింత, ఊడ్చి తుడవడానికింత. రోబో కొనాలనుకుంటున్నామని అమ్మ ఆవిడతో చెబితే ఒకటే మాట అంది: "నడుం వంచే పని పోతే మంచిదేనమ్మా. ఆ పన్నెండొందలు పోతేనే కష్టం."

నా ఎక్సెల్ షీట్ లో పదకొండు కాలమ్స్ ఉన్నాయి. ఈ కాలమ్ లేదు. స్పాంగ్లర్ ఊడ్చే మనిషి, తన ఊపిరి కోసం మిషన్ కట్టుకున్నాడు. కానీ మన ఇళ్ళల్లో మిషన్ కొనేది ఒకరు, ఊడ్చేది ఇంకొకరు. ఆవిడకి ఏ కాగితమూ లేదు. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీళ్ళకోసం చట్టం సంగతి చూడటానికి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఇదంతా తేలేలోపు పన్నెండొందల లెక్క ఇంటింటికీ మనమే తేల్చుకోవాలి.

ఇంతకీ ఏం కొనాలి

కొనేవాళ్ళకి ఈ చరిత్ర నుంచి నేను తీసుకున్నది చెబుతాను.

గుడ్డ ఉతికే గూడు ఉన్నదే కొనండి. బడ్జెట్ చాలకపోతే, తుడవని మామూలు రోబో కొని తడిగుడ్డ చేత్తో పెట్టుకోవడం నయం. వెనక గుడ్డ కట్టిన చౌక రకం మురికిని సమానంగా పంచుతుంది, అంతే. పాస్కల్స్ కాలమ్ షీట్ లోంచి తీసెయ్యండి. రోబో ఎన్ని చదరపు మీటర్లకోసారి గుడ్డ జాడించుకుంటుందో, దాన్ని మనం మార్చుకోవచ్చో లేదో చూడండి.

టేపు తీసుకుని గడపలు కొలవండి. మామూలు రోబోలు 2 సెంటీమీటర్లు దాటిన ఎత్తు ఎక్కలేవు. 2024 తర్వాత వచ్చిన కొన్ని ఖరీదైన మోడళ్ళు ఒళ్ళు పైకెత్తి 4 సెంటీమీటర్ల దాకా ఎక్కుతున్నాయి. ఫ్లాట్లలో గడపలు దాదాపు లేవు గనక ఇబ్బంది లేదు. తెనాలిలో మా ఇల్లయితే గదిగదికీ పసుపు రాసిన చెక్క గడప, ఏ రోబో వచ్చినా ఒక గదిలో ఖైదీయే. దేవుడి గది ముందు ముగ్గుంటే యాప్ లో ఆ చోటుకి వెళ్ళకుండా గీత గీసుకోండి, లేకపోతే ఇల్లంతా ముగ్గే.

బోరు నీళ్ళు పోస్తే సన్నటి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, కాబట్టి ఫిల్టర్ నీళ్ళు వాడండి. ఫినాయిల్ మూతెడు పొయ్యకుండా మనవాళ్ళ చెయ్యి ఊరుకోదు గానీ, కంపెనీ చెప్పింది తప్ప ఇంకేదీ పొయ్యొద్దని చాలా మాన్యువల్స్ లో రాసుంటుంది. మురికినీళ్ళ బకెట్ రోజూ పారబొయ్యాలి. రెండు రోజులు మర్చిపోతే ఆ వాసన మీకే తెలుస్తుంది. కెమెరా లేకుండా లేజర్ తో నడిచేవి దొరుకుతున్నాయి. పడకగదిలో తిరిగే వస్తువుకి నేనైతే అవే చూస్తున్నాను.

ఇక పన్నెండొందల సంగతి. ఇంట్లో మాట్లాడుకున్నాం. జీతం అదే ఉంటుంది. నేల రోబోది. రోబోకి అందని మూలలు, గ్యాస్ స్టవ్ కింద, బాల్కనీ ఆవిడవి. రోజూ అరగంట ముందే వెళ్ళిపోవచ్చు. "మరి డబ్బు ఆదా ఏముంది?" అని మా కొలీగ్ అడిగాడు. లేదు. ఆదా అయ్యేది అమ్మ నడుము, ఆవిడ మోకాళ్ళు. షీట్ లో ఆ రెండూ పెట్టినప్పుడే ఈ మిషన్ కి అంత ధర పెట్టడం నాకు సబబనిపించింది. మీరు వేరే లెక్క వేసుకోవచ్చు, కానీ లెక్కలో ఆవిడని కూడా వెయ్యండి.

ఆరు నెలలు వాడాక ఎలా ఉందో రాస్తాను. ఈలోపు మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, మురికినీళ్ళ బకెట్ రోజూ ఎవరు పారబోస్తున్నారో చెప్పండి. మోడల్ నంబరు ఆ తర్వాత చెబుదురుగాని.